వియన్నా నుంచి మార్లవాయి దాకా

ప్రపంచమంతా తిరిగొచ్చిన ఒక మనిషి చివరికి ఆదిలాబాద్ అడవిలో ఒక గోండు ఊరికి చేరాడు. ఆయన వచ్చిన దారిలోనే గోదావరి ఒడ్డున చూడాల్సినవి ఇంకెన్నో ఉన్నాయి.

జైనూర్ మండలం మార్లవాయిలో పక్కపక్కనే రెండు సమాధులు ఉన్నాయి. ఒకటి ఎలిజబెత్‌ది. బెట్టీ అంటేనే అందరికీ తెలుస్తుంది. ఆ ఆంగ్ల వనిత 1987 జనవరిలో హైదరాబాద్‌లో కన్నుమూస్తే, ఇంత దూరం తెచ్చి ఇక్కడి మట్టిలో కలిపారు. రెండోది ఆమె భర్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ది. 1909లో వియన్నాలో పుట్టిన ఆయన 1995లో పోయాడు. ఆయన చితాభస్మం మాత్రం 2012లో మార్లవాయి చేరింది.

ఆ మనిషి చూడని చోటు తక్కువ. నాగా కొండల్లో తిరిగాడు. అరుణాచల్‌లో అపాతానీల మధ్య ఉన్నాడు. నల్లమల చెంచుల మీద పుస్తకం రాశాడు. ఎవరెస్టు నీడలోని షెర్పాల జీవితం మీద 1964లో ఇంకో పుస్తకం వేశాడు. లండన్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర ప్రొఫెసర్‌గా పనిచేశాడు. జీవితంలో ఒక్కసారైనా చూడాలంటూ పత్రికలు ఏటా అచ్చువేసే జాబితాల్లో సగం చోట్లు ఆయనకు పొరుగూళ్లు. అలాంటివాడి బూడిద వచ్చి చేరింది మన కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాకు.

ఆ జాబితాల్లో ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పేర్లు ఎప్పుడూ కనిపించవు. పెరూలో మాచు పిచ్చు ఉంటుంది, జోర్డాన్‌లో పెట్రా ఉంటుంది, దుబాయిలో 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా తప్పకుండా ఉంటుంది. ఇందులో ఒక చిత్రం ఉంది. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల్లో ‘దుబాయి పోయిండు’ అంటే మస్కట్‌కు పోయినా దుబాయే, కువైట్‌కు పోయినా దుబాయే. ప్రపంచం టికెట్టు కొని ఎక్కే మేడల కోసం ఎండలో చువ్వలు మోసినవాళ్లు ఈ ఊళ్లలో వాడవాడకూ ఉంటారు. వాళ్లకు దుబాయి అంటే యాత్ర కాదు, వీసా అప్పు. ఇక్కడి మనుషులు ప్రపంచానికి బాగానే తెలుసు. తెలియనిదల్లా ఇక్కడి నేలే.

ఖండానికి పెట్టిన పేరు

ఆ నేల పేరు మాత్రం ప్రపంచానికి ఎప్పుడో తెలుసు. 1872లో భారత భూగర్భ సర్వేకు చెందిన హెచ్.బి. మెడ్లికాట్ మధ్య భారతంలోని కొన్ని పాత రాతి పొరలకు గోండుల దేశం పేరు మీద ‘గోండ్వానా’ అని పేరు పెట్టాడు. పదమూడేళ్ల తర్వాత ఎడువర్డ్ సూస్ అనే ప్రొఫెసర్, దక్షిణాది ఖండాలు ఒకప్పుడు ఒకటే నేల అని చెబుతూ ఆ మహాఖండానికి గోండ్వానా లాండ్ అని పేరు ఖాయం చేశాడు. ఆయన పాఠం చెప్పింది కూడా వియన్నాలోనే! ఆ ఊరికి గోండులతో ఏ జన్మ రుణమో.

ఆ లెక్కన అర్జెంటీనా, బ్రెజిల్ సరిహద్దులోని ఇగ్వాసూ జలపాతం, జాంబెజీ నది దూకే విక్టోరియా జలపాతం, కేప్‌టౌన్ టేబుల్ మౌంటెన్, మంచు కప్పిన అంటార్కిటికా అన్నీ గోండ్వానా ముక్కలే. లక్షలు పోసి చూసొచ్చే ఆ వింతలన్నిటికీ ఇంటిపేరు ఒకటే, అది ఉట్నూరు, జైనూరు సంతల్లో జొన్నలు, ఇప్పపూలు అమ్ముకునే గోండులది.

రామగుండం, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గుబాయిలు దిగేది ఈ గోండ్వానా పొరల్లోకే. మూడో షిఫ్టుకు టిఫిన్ డబ్బా పట్టుకుని పోయే కార్మికుడు రోజూ దాటే పొరల వయసు ఇరవై అయిదు కోట్ల ఏళ్ల పైమాటే. ఆ పొరల మీది పొరల్లో, ప్రాణహిత ఒడ్డు యామన్‌పల్లి దగ్గర 1970ల చివర్లో గుట్టలుగా ఎముకలు దొరికాయి. శిలాజ శాస్త్రవేత్త పి.యాదగిరి వాటిని పరిశీలించి, 1988లో ఆ జంతువుకు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. తొలి జురాసిక్ కాలపు శాకాహారి అది, పొడవాటి మెడ, నాలుగు కాళ్ల నడక. ఒక తెలుగు పల్లె పేరు ప్రపంచంలోని డైనోసార్ల పుస్తకాల్లోకెక్కింది అలా. దాని అస్థిపంజరం ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. నది అవతల సిరొంచ తాలూకాలో దొరికిన దాని పెద్దన్న బారాపాసారస్ కోల్‌కతాకు పోయింది. బెంగాలీలో ‘బొడో పా’ అంటే పెద్ద కాలు. పూర్తి పేరులో రవీంద్రనాథ్ టాగూర్ కూడా ఉన్నాడు.

డైనోసార్ కోసం యామన్‌పల్లికి పోయినవాళ్లకు ఒక ఎముక కూడా కనిపించదు. చూడాల్సింది నదిని, ఆ ఎర్రటి గట్టును. మిగతాది ఊహించుకోవాలి.

భీం పోయాక వచ్చిన దొర

హైమన్‌డార్ఫ్ ఇక్కడికి తనంతట తానే వచ్చాడనుకుంటే పొరపాటు. 1938లో జర్మనీ ఆస్ట్రియాను మింగేసింది. దాంతో ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు అయింది. మరుసటేడు యుద్ధం రాగానే బ్రిటిష్ ఇండియా దృష్టిలో ఆయన శత్రుదేశీయుడు. జైలుకు బదులు హైదరాబాద్ రాజ్యం పొలిమేర దాటొద్దని కట్టడి చేశారు. ఎక్కడికీ పోలేక ఆయన చెంచుల దగ్గరికి, కొండరెడ్ల దగ్గరికి పోయాడు, ఆపైన ఆదిలాబాద్ గోండుల దగ్గరికి. ప్రయాణాలకు అడ్డం పడ్డ కట్టడే ఆయనకు జీవితంలో అతి పెద్ద ప్రయాణమైంది.

ఆదిలాబాద్ అప్పటికి రగులుతోంది. జల్, జంగల్, జమీన్ మాది అని పన్నెండు గూడేలను కూడగట్టిన కుమ్రం భీం 1940లో జోడేఘాట్ గుట్టల్లో నిజాం పోలీసుల తూటాలకు బలయ్యాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం సర్కారుకు అప్పుడు వచ్చింది. ఆ పని మీదే హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయిలో గుడిసె వేసుకుని కాపురం పెట్టారు. 1943లో అక్కడ బడి వచ్చింది. గోండు పంతుళ్లు తయారయ్యారు, గోండి వాచకాలు వచ్చాయి, సాగు చేసుకుంటున్న భూములకు పట్టాలు కదిలాయి. మార్లవాయి పెద్ద లచ్చు పటేల్ మీద అభిమానంతో కొడుకు నికొలస్‌కు లచ్చు పటేల్ అని కూడా పేరు పెట్టుకున్నారు.

జోడేఘాట్‌కు ఆసిఫాబాద్ నుంచి కెరమెరి మీదుగా పోవాలి. ఘాట్ రోడ్డు వానాకాలంలో చూడాల్సిందే. మలుపు మలుపుకూ మబ్బు కిందికి దిగుతుంది, టేకు ఆకుల మీద వాన చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. పైన భీం విగ్రహం, స్మారకం, గిరిజన మ్యూజియం ఉన్నాయి. ‘ఆర్ఆర్ఆర్’ సినిమా 2022లో భీం పేరును జపాన్ నుంచి అమెరికా దాకా తీసుకుపోయింది. ఆ సినిమా కథ పూర్తిగా కల్పితం. అందులో ‘నాటు నాటు’ పాటకు ఆడింది యుక్రెయిన్‌లోని ఒక రాజభవనం ముందు. అసలు భీం గుట్టకు మాత్రం ఇప్పటికీ ఏడాది పొడవునా జనం పలచగానే వస్తారు. ఆశ్వయుజ పౌర్ణమి వర్ధంతి ఒక్కటే మినహాయింపు.

కేస్లాపూర్‌లో నాగదేవుడు నాగోబా జాతర సంగతి వేరు. పుష్య అమావాస్యకు ముందే గోండుల్లో మెస్రం వంశీయులు చెప్పుల్లేకుండా నడక మొదలుపెడతారు. జన్నారం మండలం కలమడుగు దగ్గర గోదావరిలో హస్తినమడుగు ఉంది. అక్కడి నీళ్లు ఝరి అనే పాత్రలో నింపుకుని, ఊళ్లలో మజిలీలు చేస్తూ అడవి దారిన తిరిగి కేస్లాపూర్ వస్తారు. గుడి దగ్గర మర్రిచెట్ల కింద విడిది. అమావాస్య రాత్రి మహాపూజ. తర్వాత కొత్త కోడళ్లు తెల్లచీర కట్టి, మొహం కనపడకుండా ముసుగేసుకుని నాగోబా ముందు నిలబడతారు. దాన్ని ‘భేటింగ్’ అంటారు. దేవుడికి పరిచయమైతేనే ఆమె మెస్రం ఇంటి మనిషి. పాత గుడి స్థానంలో రాతి గుడిని మెస్రంలు చందాలు వేసుకుని కట్టుకున్నారు. 2022 డిసెంబరులో దాన్ని ప్రారంభించుకున్నారు.

జాతరలో దర్బారు కూడా జరుగుతుంది. అడవిలో ఉన్నవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగలేరు, ఏటా అంతా చేరే చోటికి ఆఫీసులే వస్తే సరి అన్నది 1940ల్లో హైమన్‌డార్ఫ్ ఆలోచన. కలెక్టర్ వచ్చి కింద కూర్చున్న పటేళ్ల మొర వినడం అప్పటి నుంచీ ఆనవాయితీ. మొర మాత్రం పెద్దగా మారలేదు: భూమి, నీళ్లు, రోడ్డు. కేస్లాపూర్ దారిలో ఇంద్రవెల్లి స్తూపం కనిపిస్తుంది. 1981 ఏప్రిల్ 20న అక్కడ పోలీసు కాల్పుల్లో చనిపోయిన గిరిజనుల గుర్తు అది. ఆ స్తూపం దగ్గర బండి ఆపకుండా జాతరకు పోతే దర్బారులో వినిపించే గొంతులు సగమే అర్థమవుతాయి.

దీపావళికి ముందు రోజుల్లో పోతే గోండు గూడేల్లో దండారి పండుగ చూడొచ్చు. ఒళ్లంతా బూడిద, నడుముకు గజ్జెలు, నెత్తిన వందల నెమలి ఈకల టోపీ, చేతిలో కర్ర, ఇదీ గుస్సాడీ వేషం. డోలు, పెప్రె, గుమ్మేల మోగుతుంటే ఒక ఊరి బృందం ఇంకో ఊరికి చుట్టపు చూపుగా పోతుంది. గుస్సాడీని దేశం ముందుకు తెచ్చిన కనకరాజుదీ ఈ మార్లవాయే. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో, దీపావళికి వారం ఉందనగా ఆయన పోయారు.

అయితే గూడెం జంతుప్రదర్శనశాల కాదు. పటేల్‌ను కలిసి, అడిగి, కూర్చోమంటే కూర్చోవాలి. ఫోన్ కెమెరా జేబులోంచి తీయడం ఆ తర్వాత.

దూకే నీళ్లు, నడిచే పులులు

ఇక జలపాతాలు. హైదరాబాద్ నుంచి నాగపూర్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద నేరడిగొండ దగ్గర పక్కకు తిరిగితే కుంటాల వస్తుంది. కడెం వాగు అక్కడ సుమారు 147 అడుగులు, మెట్లు మెట్లుగా దూకుతుంది. శకుంతల పేరు మీదే కుంటాల అయిందని ఒక కథ. వాగులోని కుంటలను బట్టి ఆ పేరు వచ్చిందంటే కూడా నమ్మబుద్ధవుతుంది. వందల మెట్లు దిగి కిందికి పోతే తుంపర మొహాన కొడుతుంది. ఆ కుంటల లోతు చూసేవాడికి అందదు, ఈత వచ్చినవాళ్లు కూడా చాలామంది అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. నీళ్లు చూడాలి, దిగొద్దు. పొచ్చెర జలపాతం ఎత్తులో తక్కువ, వెడల్పులో ఎక్కువ, పిల్లలున్న ఇంటికి అదే నయం. జూలై నుంచి అక్టోబరు దాకానే ఇదంతా. ఎండాకాలంలో వచ్చినవాళ్లకు బండలు మాత్రమే మిగులుతాయి.

అదే నీరు కిందికి పోయి కవ్వాల్ అడవిని తడుపుతుంది. 1965లో అభయారణ్యమైన కవ్వాల్ 2012లో పులుల సంరక్షణ కేంద్రమైంది. జన్నారం నుంచి సఫారీ ఉంది. పులి కనిపిస్తుందని టికెట్టు కొంటే నిరాశ తప్పదు. చుక్కల దుప్పి, నీలుగాయి, అడవిదున్న వరకే ఆశ పెట్టుకోవాలి. పులులు నిజంగా తిరుగుతున్నది కాగజ్‌నగర్ వైపు. మహారాష్ట్ర తాడోబాలో చోటు చాలక, ప్రాణహిత ఈది, పత్తిచేల గట్ల మీద నడిచి ఇటు వస్తున్నాయి. పులి కోసం మనుషులు కూడా కదలాల్సి వచ్చింది. కోర్ అడవిలోని మైసంపేట, రాంపూర్ గూడేలవాళ్లను 2024లో బయటికి తరలించారు. సఫారీ జీపులో కూర్చున్నవాళ్లకు ఈ ముక్క తెలిస్తే మంచిది.

బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట ఉంది. పెద్దవాగు మీదికి గోడలా లేచిన ఆ కొండకొమ్ము మీద 2013లో పొడుగుముక్కు రాబందుల గూళ్లు కనిపించాయి. అప్పటికే దేశంలో వాటి సంతతి నూటికి తొంభై అయిదు వంతులకు పైగా అంతరించింది. పశువులకు వేసే డైక్లోఫెనాక్ మందే కారణం. ఆ మందు పడ్డ పశువు కళేబరం తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడవుతాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. ప్రపంచంలో అంతరించే అంచున ఉన్న పక్షిని చూడ్డానికి ఆఫ్రికా పోవాల్సిన పని లేదు. బెజ్జూరు దాకా బస్సు ఉంది, ఆపైన అటవీశాఖ అనుమతి కావాలి.

గుట్ట మీద మూడు కందాలు

గోదావరి దాటి కరీంనగర్ వైపు వస్తే అడవి పలచబడి, గుండ్రాళ్ల గుట్టలు మొదలవుతాయి. ఈ గుట్టలు కూడా ప్రపంచానికి తెలుసు. కరీంనగర్ ‘టాన్ బ్రౌన్’ గ్రానైట్ ఓడలెక్కి చైనాకు, యూరప్‌కు, అమెరికాకు పోతుంది. అక్కడ ఎవరి వంటింట్లోనో గోధుమరంగు బండగా పరుచుకుంటుంది. మనుషులు దుబాయి పోయినట్టే గుట్టలూ పోతున్నాయి, కాకపోతే అవి సెలవులకు తిరిగిరావు.

గంగాధర మండలం కుర్క్యాల దగ్గర బొమ్మలగుట్టను కూడా ఈ తవ్వకాల భయం వెంటాడింది. చరిత్ర తెలిసినవాళ్లు గొంతెత్తబట్టి గుట్ట నిలిచింది. ఎక్కితే ఏముంది అక్కడ? బండకు చెక్కిన చక్రేశ్వరి, తీర్థంకరులు, వాటి కింద ఒక శాసనం. చూడ్డానికి అంతే. కానీ ఆ శాసనం 945 ప్రాంతానిది. వేయించినవాడు జినవల్లభుడు, కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. పంపడు వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి ఆస్థానంలో ఉండి 941లో విక్రమార్జున విజయం రాశాడు. తమ్ముడు గుట్ట మీద సంస్కృతంలో, కన్నడంలో, తెలుగులో అన్న కీర్తిని చెక్కించాడు. తెలుగులో ఉన్నవి మూడు కంద పద్యాలు. నన్నయ భారతం మొదలుపెట్టడానికి దాదాపు వందేళ్ల ముందటివి. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా అడిగినప్పుడు చూపించిన సాక్ష్యాల్లో ఇదొకటి.

కన్నడ దేశంలో పంపడికి గుళ్లు కట్టినంత గౌరవం. ఆయన ఇంటి ఆనవాలు ఉన్న ఈ గుట్టకు దారి చూపే బోర్డు దొరకాలంటే కాస్త వెతుక్కోవాల్సిందే. యునెస్కో పట్టీలో రామప్ప గుడి 2021లో చేరింది, చాలా సంతోషం. ఆ రోజు సంబరం చేసుకున్న ఊళ్లలో ఎంతమందికి ఈ మూడు పద్యాలు తెలుసో!

వెలుగటూరు మండలం కోటిలింగాల ఇంకా పాతది. పెద్దవాగు గోదావరిలో కలిసేచోట సిముకుడి నాణేలు దొరకడంతో శాతవాహనుల తొలి చరిత్రను మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. గోబద, నారన, కంవాయసిరి, సమగోప అని అంతకుముందటి రాజుల పేర్లు కూడా నాణేల మీద తేలాయి. ధర్మపురివాసి సంగనభట్ల నరహరిశర్మ ఓపిగ్గా ఏరి దాచిన నాణేలు, శాసన పండితుడు పి.వి.పరబ్రహ్మశాస్త్రి వాటిని చదవడం, రెండూ కలిస్తేనే ఇది జరిగింది. ఇప్పుడక్కడ శ్రీపాద ఎల్లంపల్లి బ్యాక్‌వాటర్ పరుచుకుని ఉంటుంది. దగ్గర్లోని ధూళికట్ట బౌద్ధ స్తూపంలో దొరికిన నాగ ముచిలింద శిల్పం, నాగోబా జాతర చూసొచ్చినవాళ్ల కంటికి ఇంకోలా కనిపిస్తుంది.

వేములవాడ రాజన్న, ధర్మపురి నరసింహుడు, కొండగట్టు అంజన్న గురించి ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పేదేముంది. గుడి ప్రాంగణంలోనే దర్గా ఉన్న వేములవాడలో కోడెమొక్కు చెల్లించుకున్నవాళ్లు దర్గాకూ మొక్కి రావడం పై ఊరివాళ్లకు వింత, ఇక్కడివాళ్లకు మామూలు.

ఎలగందులను మాత్రం తీరిగ్గా చూడాలి. 1905 దాకా జిల్లా కేంద్రం ఇదే, కరీంనగర్ కాదు. మానేరు పక్కన గుట్ట మీద కోట, పైన 1754లో జాఫరుద్దౌలా కట్టించిన మసీదు. దాని జంట మినార్లను దో మినార్ అంటారు. ఊపితే అవి ఊగుతాయని పేరు. ఇరాన్‌లో ఇస్ఫహాన్ ఊళ్లో మెనార్ జొన్‌బాన్ అని పద్నాలుగో శతాబ్దపు కట్టడం ఉంది. ఒక మినారు కదిపితే రెండోదీ కదులుతుందని దాన్ని చూడ్డానికి ప్రపంచం వరస కడుతుంది. ఎలగందుల మెట్ల మీద మామూలు రోజున కనిపించేది మేకలు కాసేవాళ్లు, పెళ్లి ఫొటోలు తీసుకునే జంటలు. సాయంత్రం అయిదింటికి పైకి చేరితే మానేరు నీళ్ల మీద వెలుగు రాగిరంగులోకి తిరగడం చూడొచ్చు. తాగేనీళ్లు వెంట తీసుకుపోవాలి.

నది చివరన

ఈ యాత్రను గోదావరి వెంబడి చేస్తే బాసరలో మొదలై కాళేశ్వరంలో ముగుస్తుంది. బాసర సరస్వతి గుడిలో పిల్లలు అక్షరాలు దిద్దుతారు. నిర్మల్‌లో నకాషీలు పొనికి చెక్కను చెక్కి, చింతగింజల బంకతో అతికి, రంగులేసి పండ్లనూ పక్షులనూ చేస్తారు. పొనికి చెట్టే అడవిలో తగ్గిపోయి వాళ్లకు దిగులైంది. మంథని దాటాక రోడ్డు మళ్లీ అడవిలో పడుతుంది.

కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాళేశ్వరుడు, ఇంకోటి ముక్తేశ్వరుడు. ముక్తేశ్వరుడికి రెండు రంధ్రాలుంటాయి, అందులో పోసిన నీళ్లు సంగమానికి చేరతాయని నమ్మకం. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలకు ఇసుక వేస్తే రాలనంత జనం వచ్చారు. మామూలు రోజుల్లో ఘాట్ నిశ్శబ్దంగా ఉంటుంది. ఆనకట్టలన్నీ దాటుకుని గోదావరి సన్నగా వస్తుంది. గోదావరి ఉపనదుల్లో అతి పెద్దదైన ప్రాణహిత నిండుగా వచ్చి దానిలో కలుస్తుంది. కాస్త దిగువన, 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగిన మేడిగడ్డ బరాజ్.

ఒకప్పుడు ఇక్కడ అవతలి ఒడ్డుకు పోవాలంటే పడవే దిక్కు. ఇప్పుడు వంతెన ఉంది. ఆటోలు, మిర్చి లారీలు, పెళ్లి సంబంధాలు దాని మీదుగానే పోతుంటాయి. దాటితే సిరొంచ. మహారాష్ట్ర మొదలైందని బోర్డులు మరాఠీలో చెబుతాయి, బజారులో బేరాలు మాత్రం తెలుగులోనే సాగుతాయి.